సోతేర్: దేవుడి బిరుదు రాజుల నాణేల మీదికి ఎలా ఎక్కింది

క్రీ.పూ. 401లో దాదాపు పదివేల మంది గ్రీకు కిరాయి సైనికులు పర్షియా సామ్రాజ్యం నడిబొడ్డున ఇరుక్కుపోయారు. వాళ్ల సేనానుల్ని పర్షియన్లు మాటలకని పిలిచి మోసంతో పట్టుకుని చంపేశారు. అలాంటి టెన్షన్‌లో, ఆ సైన్యంలోనే ఉన్న ఏథెన్స్ రచయిత జెనొఫొన్ లేచి, మనం ప్రాణాలతో బయటపడే ఆశ చాలానే ఉంది అని చెబుతుంటే ఎవరో తుమ్మారు. మనవాళ్లయితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ కదలరు. వాళ్లకు మాత్రం అది గ్రీకు దేవతల రాజు జియస్, అంటే జియస్ సోతేర్, పంపిన శుభశకునం! అందరూ దణ్ణం పెట్టి, స్నేహితుల నేల చేరగానే బలి ఇస్తామని మొక్కుకున్నారు, నల్లసముద్రం ఒడ్డున ట్రపెజుస్ చేరాక ఎద్దులను బలిచ్చి మొక్కు తీర్చుకున్నారు కూడా.

సోతేర్ అంటే కాపాడేవాడు. దేవత అయితే సోతైరా. ఇక్కడ కాపాడటమంటే మోక్షం ఇవ్వడం కాదు, తుపాను నుంచో యుద్ధం నుంచో రోగం నుంచో ఒడ్డున పడేయడం. జియస్ ఒక్కడే, కౌంటర్లు మాత్రం వేరు. అదే జెనొఫొన్ ప్రయాణం చివర్లో చేతిలో డబ్బుల్లేక గుర్రం అమ్ముకుంటే, ఒక జోస్యుడు ‘నీకు అడ్డుపడుతున్నది జియస్ మైలిఖియోస్ (బలులతో శాంతింపజేయాల్సిన జియస్), ఆయనకు బలి ఇచ్చావా?’ అని అడిగాడట. ఇవ్వలేదు. పందుల్ని బలిచ్చిన రోజే డబ్బూ వచ్చింది, గుర్రమూ తిరిగొచ్చింది.

చేసిన పనిని బట్టి పేరు కాబట్టి, ఆ పని మనిషి చేస్తే? క్రీ.పూ. 307లో ఏథెన్స్‌ను మాసిడోనియా సేనల నుంచి విడిపించిన సేనాని డెమెట్రియస్‌నీ, అతని తండ్రి ఆంటిగోనస్‌నీ ఏథెన్స్‌వాళ్లు ‘రక్షక దేవతలు’ అని కొలిచారు. తమాషా ఏమిటంటే, రెండేళ్లకే ఆ రక్షకుడు రోడ్స్ నగరాన్ని ముట్టడించాడు. అప్పుడు ఆదుకున్నందుకే ఈజిప్టు రాజు టాలెమీకి రోడ్స్‌వాళ్లు సోతేర్ అని పేరు పెట్టారని గ్రీకు యాత్రా రచయిత పౌసేనియస్ రాశాడు. ఒక ఊరి రక్షకుడి నుంచి కాపాడినవాడు ఇంకో ఊరికి రక్షకుడన్నమాట.

తర్వాత రాజులకిది మామూలు బిరుదైపోయింది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన మెనాండర్, అంటే బౌద్ధ గ్రంథాల మిలిందుడు, తన నాణేల మీద ఒకవైపు గ్రీకులో సోతేర్ అని వేయించుకున్నాడు. రెండోవైపు, పిడుగు విసిరే గ్రీకు దేవత అథీనా చుట్టూ, ఖరోష్ఠీ లిపిలో ‘మహరజస త్రతరస మెనంద్రస’ అని ఉంటుంది. త్రతరస అంటే మనకు తెలిసిన ‘త్రాత’ మాటే.