జడ చివర పలచబడితే కత్తెరేనా? పొడవు జుట్టు ట్రిమ్మింగ్‌పై అపోహలు – వాస్తవాలు

కుర్చీలో కూర్చోగానే జడ ముందుకు లాక్కుని, చివర నాలుగు వేళ్ళ మేర పట్టుకుని చూపిస్తారు. "చూడండి మేడం, ఎలక తోకలా అయిపోయింది. ఎంత తీసేస్తే బాగుంటుంది?" వారానికి ఇద్దరైనా ఇదే మాటతో వస్తారు. కొందరు అప్పటికే ఎవరి చేతిలోనో పది పన్నెండు అంగుళాలు పోగొట్టుకుని, మిగిలినదాన్ని "సెట్ చేయండి" అంటూ వస్తారు. వాళ్ళకి నేను చేయగలిగింది చాలా తక్కువ. కోసిన జుట్టుని మళ్ళీ అతికించే విద్య ఎవరి దగ్గరా లేదు.

భుజాల దాకా ఉన్న జుట్టు గురించి నేనింత బాధపడను. అక్కడ అంగుళం అటూ ఇటూ అయినా నాలుగు రోజులకి మరిచిపోతారు. నడుము దాటిన జుట్టు సంగతి వేరు. దాని చివర పట్టుకుంటే మీరు ఐదారేళ్ళ కిందటి వెంట్రుకని పట్టుకున్నట్టు. అందుకే ఈ పోస్టు నడుము దాటిన వాళ్ళకి.

అపోహ: చివర పలచగా ఉందంటే పాడైపోయినట్టే, ఒత్తుగా ఉన్న చోటిదాకా కోసేయాలి.

నా అనుభవంలో ఎక్కువ జడల్ని మింగేసింది ఈ మాటే.

మాడు మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. అవన్నీ ఒకేరోజు పుట్టినవి కావు, ఒకే ఆయుష్షు ఉన్నవీ కావు. ఒక్కో వెంట్రుక పెరిగే దశ రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా ఉంటుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగిపోతుంది. ఇంకో మూడు నెలలు కుదుట్లో ఊరికే ఉండి రాలిపోతుంది. అదే కుదురు నుంచి కొత్తది మళ్ళీ సున్నా నుంచి బయల్దేరుతుంది. రోజుకి 50 నుంచి 100 దాకా ఇలా రాలడం మామూలే. అంటే ఈ క్షణంలో మీ తల మీద చెవి దాకా వచ్చినవి, భుజం దాకా వచ్చినవి, నడుముకి చేరినవి అన్నీ కలిసే ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చూడండి. జుట్టు నెలకి సెంటీమీటరు, సెంటీమీటరుంపావు పెరుగుతుంది, ఏడాదికి సుమారు 15. పెరిగే దశ నాలుగేళ్ళే ఉన్న వెంట్రుక 60 సెంటీమీటర్ల దగ్గర ఆగి రాలిపోతుంది. అది తుంటి దాకా ఎప్పటికీ రాదు. ఆరేళ్ళు పెరిగేది 90 దాకా వస్తుంది. కాబట్టి కిందికి పోయేకొద్దీ పోటీలో మిగిలేవి తక్కువ. వేడి తగలకపోయినా, రంగు వేయకపోయినా, ఎంత ప్రేమగా చూసుకున్నా పొడవు జుట్టు చివర సన్నబడే తీరుతుంది. అది జబ్బు కాదు. దాన్ని చూసి భయపడి పైకి కోస్తే, రెండేళ్ళకి మళ్ళీ అక్కడికే వస్తారు, మళ్ళీ అలాగే సన్నగా.

మరి నిజంగా పాడైందో లేదో ఎలా తెలుస్తుంది? తల కడిగి, పూర్తిగా ఆరాక, చివరి పాయని నల్ల గుడ్డ మీద ఒకసారి, తెల్ల గుడ్డ మీద ఒకసారి పరిచి చూడండి. వెంట్రుక కొస రెండుగా, మూడుగా చీలిందా? మధ్యలో తెల్లటి చుక్కలు ఉన్నాయా? ఆ చుక్క దగ్గర మెల్లగా వంచితే పుటుక్కున తెగుతోందా? దువ్వెన చివరి పది సెంటీమీటర్లలోనే ఎప్పుడూ ఇరుక్కుంటోందా? వీటికి అవునంటే అది దెబ్బతిన్న జుట్టు. అలా కాకుండా పలచగా ఉన్నా వేళ్ళ మధ్య నుంచి జారిపోతూ, చిక్కు పడకుండా ఉందంటే అది వయసు మీదపడిన జుట్టు, అంతే. చాలామంది ఈ రెండోదాన్ని తీసుకొచ్చి మొదటిదని ఏడుస్తారు. వాళ్ళనేం అనలేం. పక్కవాళ్ళు పదిమంది పదిసార్లు "అయ్యో, జడ ఇలా అయిపోయిందేం" అంటే ఎవరికైనా టెన్షనే.

ఇంకో రకం ఉంది. అది క్రమంగా సన్నబడదు, ఒక్కచోట మెట్టు దిగినట్టు సగమైపోతుంది. ఇలాంటి జుట్టుతో ఒకావిడ వచ్చారు. పొడవు 85 సెంటీమీటర్లు. భుజాలు దాటాక మాత్రం ఉన్నట్టుండి సగం. "భుజాల దాకా కోయించేయ్, పీడా పోతుంది" అని ఇంట్లో అందరూ తీర్మానించారట. నేను టేపు పెట్టి చూస్తే మాడు నుంచి 35 సెంటీమీటర్ల దాకా ఒత్తుగా ఉంది.

"రెండున్నరేళ్ళ కిందట మీకేదైనా పెద్ద జ్వరం వచ్చిందా అమ్మా?" అని అడిగాను.

ఆవిడ అద్దంలోంచే నన్ను అదోలా చూశారు. "పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మీకెలా తెలుసు?"

జాతకం కాదు, కూడిక. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్ లాంటివి వచ్చిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. పెరిగే దశలో ఉన్న వెంట్రుకలు చాలా భాగం ఒకేసారి విశ్రాంతిలోకి పోయినందువల్ల వచ్చే రాలుడు అది. తర్వాత ఆ కుదుళ్ళన్నీ దాదాపు ఒకే సమయంలో కొత్తవి మొదలుపెడతాయి. 35 సెంటీమీటర్లంటే రెండేళ్ళ నాలుగు నెలలు. దానికి ఆ రెండు మూడు నెలలు కలిపితే ఆవిడ ఆసుపత్రిలో ఉన్న రోజులు వచ్చేశాయి. భుజాల దగ్గర కనబడుతున్న ఆ మెట్టు కింద జుట్టు "పాడైన" చోటు కాదు, పైన కొత్త జుట్టు చేరుకున్న చోటు. ఏడాదికి 15 సెంటీమీటర్ల చొప్పున అది దానంతటదే కిందికి దిగుతోంది. దిగుతున్నదాన్ని ఎదురెళ్ళి కోయడం దేనికి?

ఆవిడకి మూడు దారులు చెప్పాను. ఏమీ కోయకుండా ఆగడం ఒకటి. పొడవు ఇప్పుడున్నంతే ఉంచి, పెరిగినంత మాత్రమే తీస్తూ పోవడం రెండోది. అంటే ఆరు నెలలకోసారి ఏడెనిమిది సెంటీమీటర్లు. జడ చిన్నదవ్వదు, మెట్టు మాత్రం దిగుతూ ఉంటుంది. 85లోంచి 35 పోతే 50. ఏడాదికి 15 చొప్పున మూడేళ్ళు దాటాక రెండూ కలుస్తాయి. మూడోది, ఇవాళే భుజాల దాకా. ఆవిడ రెండోది ఎంచుకున్నారు.

ఈ లెక్క ఇంట్లో మీరూ వేసుకోవచ్చు. జుట్టంతా మెడ దగ్గర వదులుగా రబ్బరు బ్యాండుతో కట్టి, బ్యాండు కింద ఒకచోట, నడిమధ్య ఒకచోట, చివరికి ఓ జానెడు పైన ఇంకోచోట దారం చుట్టి, ఎంత పట్టిందో రాసుకోండి. కంటికి "సగమైపోయింది" అనిపించేది చాలాసార్లు దారం మీద అంత తేడా చూపించదు. మూడు నెలలకోసారి అదే చోట్ల కొలవండి. నా దగ్గరకి వచ్చేవాళ్ళలో కొందరు ముళ్ళేసిన దారం పర్సులోనే పెట్టుకుని తిరుగుతారు. నేనే అలవాటు చేశాను లెండి.

ఇంకో అలవాటు కూడా. ఎంత తీయాలో అంగుళాల్లో అడగొద్దు, నెలల్లో అడగండి. అంగుళమంటే రెండు నెలలు. "ఆరంగుళాలు తీద్దాం" అంటే తల ఊపేస్తారు. "ఏడాది తీసేద్దామా?" అంటే ఆగి ఆలోచిస్తారు.

అపోహ: తరచూ ట్రిమ్ చేస్తే జుట్టు త్వరగా పెరుగుతుంది.

బయట కనబడే వెంట్రుక కెరటిన్ అనే జీవం లేని ప్రోటీన్. పెరిగేది మాడు లోపల కుదుట్లో. కింద కత్తెర పడిందన్న కబురు పైకి చేరవేసే నరం ఏదీ వెంట్రుకలో లేదు. మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త 1928లోనే కొలిచి మరీ చెప్పారు, గీసినందువల్ల వెంట్రుకల వేగమూ మారదు, మందమూ మారదని. దాదాపు వందేళ్ళవుతున్నా ఈ పుకారు చావలేదు. రెండు నెలలకోసారి అంగుళం తీయించుకునేవాళ్ళు "ఎంత ట్రిమ్ చేయించినా పెరగట్లేదు మేడం" అంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. రెండు నెలల్లో పెరిగేదే అంగుళం. కోసిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి ఒత్తుగా తగులుతుంది, అంతవరకే నిజం.

అపోహ: అసలు కత్తెరే తాకించకూడదు.

ఇది అటువైపు మూర్ఖత్వం. బ్లీచ్, స్ట్రెయిటెనింగ్, రోజూ హీట్ పడ్డ జుట్టు కొస చీలితే ఆ చీలిక పైకి పాకుతుంది. సీరం రాస్తే రెండు ముక్కలూ కాసేపు అతుక్కుని ఉంటాయి, తల కడిగితే మళ్ళీ మామూలే. చీలినదాన్ని తీసేయాల్సిందే, చీలిక మొదలైన చోటికి సెంటీమీటరు పైన. చీలినవి అక్కడక్కడా ఉంటే జడంతా కోయక్కర్లేదు. వెలుతురులో కూర్చుని చిన్న పాయని మెలిపెడితే చీలినవి పక్కలకి పొడుచుకొస్తాయి, వాటిని మాత్రం తీసేయొచ్చు. కత్తెర పదునైనది, జుట్టుకే వాడేది కావాలి. కాగితాలు కోసే కత్తెర వెంట్రుకని నలిపి కొత్త చీలికకి దారి వేస్తుంది.

మిగతావి గబగబా. ట్రిమ్ చేస్తే రాలడం ఆగుతుందా? ఆగదు, రాలేది కుదురు నుంచి. రాలిన వెంట్రుక మొదట్లో తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది రాలినది, లేకపోతే తెగినది. తెగేవి ఎక్కువైతే నా దగ్గరకి రండి, రాలేవి ఉన్నట్టుండి ఎక్కువైతే చర్మవైద్యుల దగ్గరకి వెళ్ళండి. పొడవు జుట్టు ఒంట్లో బలాన్ని లాగేస్తుందా? లేదు, పైన చెప్పానుగా, అది జీవం లేనిది. బరువుకి రాలుతుందా? మామూలుగా వదిలేస్తే రాలదు. రోజూ ఒకేచోట బిగించి కడితే మాత్రం ఆ లాగుడికి కుదుళ్ళు దెబ్బతింటాయి. పౌర్ణమి నాడు కోయిస్తే బాగా పెరుగుతుందట కదా? నేను పౌర్ణమికీ కోశాను, అమావాస్యకీ కోశాను. జుట్టు క్యాలెండర్ చూసుకోదు.

సరిగ్గా చూసుకుంటే ఎవరికైనా మోకాళ్ళ దాకా వస్తుందనేది కూడా అబద్ధమే. చైనాకి చెందిన షీ చ్యూపింగ్ జుట్టు 2004లో గిన్నిస్ వాళ్ళు కొలిస్తే 5.627 మీటర్లు. ఆవిడ 1973 నుంచి పెంచుతున్నారు. అంటే మూడు దశాబ్దాలు రాలకుండా నిలిచిన వెంట్రుకలవి. అది ట్రిమ్మింగ్ గొప్పతనం కాదు, ఆవిడ కుదుళ్ళ వరం.

ఇక కోసే రోజు జాగ్రత్తలు. పొడవు జుట్టు పోయేది చాలావరకు "కొంచెం" అనే మాట దగ్గరే. మీ కొంచెం వేరు, కత్తెర పట్టినవాళ్ళ కొంచెం వేరు. వేలితో చూపించండి, లేదా తీయాల్సిన చోట క్లిప్పు పెట్టి వెళ్ళండి. "ఇంత తీయండి" అనడం కంటే "ఇక్కడిదాకా ఉండాలి" అనడం మేలు. మొదట ఒప్పుకున్నదాంట్లో సగమే తీయించి, అద్దంలో చూసుకుని, ఆ తర్వాత మిగతాది.

జడ మీద కొలవొద్దు. అల్లినప్పుడు జుట్టు పొడవు తగ్గుతుంది, జడ మీద రెండంగుళాలు విప్పాక రెండున్నరో మూడో అవుతుంది. నడుము దాటిన జుట్టుని నిలబెట్టే కోయాలి, తల నిటారుగా ఉంచి. కుర్చీలో కూర్చోబెడితే అంచు వంకర పోతుంది.

తడి జుట్టు సంగతి నా తప్పుతోనే నేర్చుకున్నాను. తడిసిన వెంట్రుక లాగితే 30 శాతం దాకా సాగుతుంది. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఉంగరాల జుట్టున్న ఒక అమ్మాయికి తడి మీద దువ్వి, లాగి పట్టుకుని, చెప్పినట్టే రెండంగుళాలు తీశాను. ఆరాక చూస్తే తుంటి దగ్గరుండాల్సింది నడుము పైకెక్కి కూర్చుంది. ఆ పిల్ల ఒక్క మాట అనలేదు, ఊరికే చివర్లు తడుముకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఉంగరాల జుట్టయితే ఆరబెట్టాకే కత్తెర తీస్తున్నాను.

అన్నట్టు, ఆ జ్వరం ఆవిడ కథ విని, అలాంటి మెట్టే ఉన్న ఇంకొకావిడ వచ్చారు. లెక్కంతా వేసి, దారం చుట్టి, మూడు దారులూ వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "మూడేళ్ళు ఎవరు ఆగుతారండీ, భుజాల దాకా కోసేయండి" అన్నారు. కోశాను. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, మెడ తేలిగ్గా ఉందని తెగ సంబరపడిపోయారు. కోసిన జడని మాత్రం సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళారు.