ప్యాకెట్ మీద క్యాలరీ లెక్క ఎక్కడిది?

"ఇందులో క్యాలరీలు ఎక్కువ" అని వినీ వినీ, క్యాలరీ అంటే కొవ్వులాగా తిండిలో ఉండే ఏదో పదార్థం అని చాలామంది అనుకుంటారు. అది పదార్థం కాదు, వేడికి కొలత. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టేది ఒక క్యాలరీ. తిండి గురించి మనం చెప్పుకునేది దీనికి వెయ్యి రెట్లు, అంటే కిలోక్యాలరీ. మాటల్లో "కిలో" ఎప్పుడో జారిపోయింది.

మరి తిండిలో ఎంత వేడి ఉందో ఎలా తెలుస్తుంది? ఆక్సిజన్ నింపిన ఉక్కు పాత్రలో దాన్ని పూర్తిగా కాల్చి, చుట్టూ ఉన్న నీళ్లు ఎంత వేడెక్కాయో చూస్తారు. కానీ ఒంట్లో అంతా కాలదు. ప్రోటీన్‌నే తీసుకోండి. పాత్రలో కాలిస్తే గ్రాముకు 5.6 కిలోక్యాలరీల దాకా వస్తుంది. శరీరంలో దాని నైట్రోజన్ యూరియాగా మారి, కొంత శక్తిని వెంటబెట్టుకుని మూత్రంలో పోతుంది. అమెరికా శాస్త్రవేత్త విల్బర్ అట్‌వాటర్ 19వ శతాబ్దం చివర్లో ఇలాంటి నష్టాలన్నీ ఓపికగా కొలిచాడు. మనుషుల్ని మూసిన గదిలో రోజుల తరబడి ఉంచి, వాళ్లు తిన్నదీ, విసర్జించిందీ, వాళ్ల ఒంటి నుంచి వచ్చిన వేడీ లెక్కగట్టాడు. ఆ శ్రమ నుంచి వచ్చినవే పిండిపదార్థానికి 4, ప్రోటీన్‌కి 4, కొవ్వుకి 9 అనే అంకెలు.

ప్యాకెట్ల మీది లెక్క నేటికీ ఎక్కువగా వీటితో చేసిన గుణకారమే. కొవ్వు 10 గ్రాములు, పిండిపదార్థం 20, ప్రోటీన్ 5 ఉంటే 90, 80, 20 కలిపి 190 అని వేస్తారు. సగటుగా ఇది బాగానే పనిచేస్తుంది, కొన్నిచోట్ల మాత్రం గట్టిగా తప్పుతుంది. 28 గ్రాముల బాదంకి ఈ లెక్క ప్రకారం దాదాపు 170 రావాలి. 2012లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు మనుషులకు తినిపించి చూస్తే 129 మాత్రమే తేలింది. ఎంత నమిలినా కొన్ని కణాల గోడలు పగలవు, లోపలి కొవ్వు అరగకుండానే బయటికి పోతుంది. అదే బాదంని మెత్తగా రుబ్బితే ఆ గోడలు పగిలి ఎక్కువ కొవ్వు ఒంటికి అందుతుంది. తిండి అదే, అందే శక్తి వేరు! పైగా అరిగించుకోవడానికీ ఖర్చుంది. ప్రోటీన్‌లో వచ్చిన శక్తిలో 20 నుంచి 30 శాతం దానికే పోతుంది.

అందుకే రెండు ప్యాకెట్లు పోల్చుకోవడానికి క్యాలరీ మంచి సాధనమే అంటాను. చివరి అంకె దాకా నమ్మి, పది క్యాలరీలు దాటాయని టెన్షన్ పడటం మాత్రం అనవసరం. ట్రెడ్‌మిల్ మీద "312 ఖర్చయ్యాయి" అని కనిపించేది కూడా అంచనాయే. ఆ యంత్రం మీ ఒంటి వేడిని గానీ, మీరు పీల్చిన ఆక్సిజన్‌ని గానీ కొలవదు. వేగం, వాలు, మీరు చెప్పిన బరువు తీసుకుని సూత్రంలో వేస్తుంది, అంతే.