ఉప్పు తాగిన ఫిరంగికి నల్లరంగు మందు కాదు

"ఒడ్డున ఇసుకలో దొరికిందండీ. కడిగి, పదిహేను రోజులు ఎండబెట్టి, గ్రైండరుతో తుప్పంతా తీయించి, నల్లరంగు రెండు కోట్లు వేయించాం. రెండు వానాకాలాలు గడిచేసరికి పెచ్చులూడుతోంది. ఇంతకంటే మంచి పెయింటు ఏదైనా ఉందా?"

పాత ఫిరంగుల సంరక్షణ పనిలో ఉన్నవాళ్ళకు హైదరాబాద్‌లో బాగా అలవాటైన ప్రశ్న ఇది. ఫామ్‌హౌస్ గేటు పక్కన నిలబెట్టినవాళ్ళు, బడి ఆవరణలో దిమ్మె కట్టించినవాళ్ళు, తాతగారి ఊరు బందరో భీమిలో అయినవాళ్ళు అడుగుతుంటారు. వాళ్ళు ఖర్చుకు వెనకాడలేదు, శ్రద్ధగానే చేశారు. చేసిన ప్రతి పనీ ఆ ఫిరంగికి చేటే చేసిందని వాళ్ళతో చెప్పడం కష్టం. అందుకే ఇంకా గ్రైండరు పట్టనివాళ్ళ కోసం ఇది.

అపోహ: ఇనుమే కదా, తుప్పు గీకి రంగు వేస్తే వందేళ్ళుంటుంది

తీరం కోటల్లోని ఇనుప ఫిరంగులు చాలావరకు పోత ఇనుమువి. పోత ఇనుములో 3 నుంచి 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సన్నని గ్రాఫైట్ రేకులుగా లోహమంతటా అల్లుకుని ఉంటుంది. ఉప్పునీటిలోనో, ఉప్పు పట్టిన ఇసుకలోనో ఏళ్ళ తరబడి పడి ఉంటే ఇనుము కరిగిపోతుంది, గ్రాఫైట్ అల్లిక మాత్రం ఉన్నచోటే నిలుస్తుంది. పైకి చూస్తే పట్టీలు, కిరీటం ముద్ర, అంకెలు అన్నీ చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. గోరుతో నొక్కి చూడండి: పెన్సిల్ ములుకులా మెత్తగా దిగుతుంది, వేలికి నల్లగా అంటుతుంది. ఈ మెత్తని పొర మందం కొన్ని మిల్లీమీటర్లు కావచ్చు, ఒక్కోసారి సెంటీమీటర్ దాటవచ్చు. పోత పోసిననాటి అసలు ఉపరితలం ఉన్నది ఈ పొర మీదే. గ్రైండరు తుప్పును తీస్తోందనుకుంటారు గానీ అది ఒలిచేది ఫిరంగి చర్మాన్ని.

ఇనుము ఖాళీ చేసిన ఆ సందుల్లో క్లోరైడ్, అంటే ఉప్పు తాలూకు భాగం, నిండి ఉంటుంది. ఎండబెట్టగానే ఆ సందుల గుండా గాలి లోపలికి చేరుతుంది. ఐరన్ క్లోరైడ్ తుప్పుగా మారుతూ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం లోపలి మంచి ఇనుమును తిని మళ్ళీ ఐరన్ క్లోరైడ్ తయారుచేస్తుంది. ఇందులో క్లోరైడ్ ఖర్చయ్యేదేమీ లేదు, వడ్డీ పెరిగే అప్పులా పని చేసుకుంటూ పోతుంది. కొత్తగా పుట్టిన తుప్పుకు పాత ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి కాబట్టి పైపొరను లోపలి నుంచి నెట్టేస్తుంది. పెచ్చు ఊడేది అందుకే. సముద్రంలోంచి తీసిన ఇనుప గుండ్లు గాలి తగిలాక చేయి పెట్టలేనంత వేడెక్కిన సందర్భాలూ ఉన్నాయి.

ఇప్పుడు దాని మీద నల్లరంగు వేశారు. ఉప్పంతా రంగు కిందే ఉంది, తేమ సన్నని పగుళ్ళలోంచి వెళ్తూనే ఉంటుంది. రంగు చేసే పనల్లా లోపలి జబ్బును మీ కంటికి కనపడకుండా దాచడం. బయటపడేనాటికి అరచేతి వెడల్పు పెచ్చు, దాని మీద రాజముద్ర సహా, కింద రాలి ఉంటుంది.

"బ్రిటిషువాళ్ళు కూడా ఫిరంగులకు రంగు వేసేవాళ్ళు కదా" అంటారు. నిజమే, వేసేవాళ్ళు. వాళ్ళు వేసింది ఉప్పెక్కని గట్టి లోహం మీద, రోజూ తుడిచి చూసుకునే సిపాయిలున్న కాలంలో.

"హైదరాబాద్‌లో ఉప్పుగాలి లేదు, ఇక్కడికి తెచ్చేస్తే ఆగిపోతుంది" అనేది దీనికి తోడబుట్టిన అపోహ. ఉప్పు గాలిలో లేకపోవచ్చు, ఫిరంగితో పాటు లారీ ఎక్కి వచ్చింది. గాలిలో తేమ 20 శాతం ఉన్నా ఐరన్ క్లోరైడ్ తన పని ఆపదు, మన వేసవిలో కూడా మామూలుగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైగా మే నెల ఎండకు బిగుసుకుని, జులై ముసురుకు ఉబ్బి, పొర మరింత త్వరగా చీలుతుంది. జులైలో ఒక పొద్దున్న టార్చి, భూతద్దం తీసుకుని ఫిరంగి అడుగు భాగం చూడండి. ఆవగింజంత నారింజరంగు చెమట బొట్లు కనిపిస్తాయి. ఆరాక అవే పలుచని బోలు బుడిపెలవుతాయి, గోరు తగిలితే పొడుమవుతాయి. ఇవి కనిపించిన ఫిరంగికి లోపల క్లోరైడ్ పనిచేస్తోందని అర్థం. ఇక ఏ కంపెనీ పెయింటైనా ఒకటే.

మరి దొరికిన రోజు ఏం చేయాలి? ఆరనివ్వకూడదు. అంతే, మొదటి పాఠం అదే. తడి గోనె సంచులు చుట్టి, పైన టార్పాలిన్ కప్పి, నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. జేసీబీ తొండంతో తోయించకండి, మెత్తని పొర మీద దాని పళ్ళు దిగితే ఆ గాట్లు శాశ్వతం. మూతికి గొలుసు వేసి లాగొద్దు, వెనక గుబ్బకూ వేయొద్దు. వెడల్పాటి నైలాన్ పట్టీలు రెండు, కింద రబ్బరు షీటు మెత్త, రెండు చోట్ల సమంగా ఎత్తడం. 24 పౌండ్ల గుండు పేల్చే తొమ్మిదిన్నర అడుగుల ఫిరంగి రెండున్నర టన్నులు తూగుతుంది, కాబట్టి క్రేన్ ఆపరేటరుకు ఆ సంగతి ముందే చెప్పండి.

తర్వాత తొట్టి. అంత ఫిరంగికి 3.2 మీటర్ల పొడవు, 0.8 మీటర్ల వెడల్పు, 0.8 మీటర్ల లోతు కావాలి. ఫిరంగి ఆక్రమించే చోటు పోగా సుమారు 1,700 లీటర్ల నీరు పడుతుంది. అందులో 2 శాతం లెక్కన 34 కిలోల కాస్టిక్ సోడా. నీళ్ళలో సోడాను కొద్దికొద్దిగా వేయాలి తప్ప సోడా మీద నీళ్ళు పోయకూడదు, చిమ్ముతుంది, కళ్ళు పోతాయి. చేతులకు పొడవాటి రబ్బరు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం తొట్టి, జింకు పూత రేకు పనికిరావు, కాస్టిక్ వాటిని తిని హైడ్రోజన్ వదులుతుంది. కాస్టిక్ భయమైతే బట్టల సోడా 5 శాతం, అంటే 85 కిలోలు, వాడొచ్చు. మన బోరు నీళ్ళలో అసలే క్లోరైడ్ ఎక్కువ, ఉప్పు తీయడానికి ఉప్పు నీళ్ళు వాడినట్టవుతుంది. వాన నీళ్ళు, ఆర్వో నీళ్ళు మేలు.

ద్రావణంలోకి దిగిన క్లోరైడ్‌ను కొలుస్తూ, పెరగడం ఆగినప్పుడల్లా నీళ్ళు మార్చాలి. సన్నని కరెంటుతో చేసే ఎలక్ట్రాలిసిస్ ఈ పనిని తొందర చేస్తుంది. అక్కడ ఫిరంగి నెగెటివ్ వైపు ఉండాలి. వైర్లు తారుమారైతే ఫిరంగే కరిగిపోతుంది. కరెంటు ఎక్కువ పెడితే బుడగలు గ్రాఫైట్ పొరను ఎత్తేస్తాయి, పైగా ఆ బుడగలు హైడ్రోజన్, దగ్గర నిప్పు ఉండకూడదు. అందుకే ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. పెద్ద ఫిరంగికి రెండేళ్ళు, ఐదేళ్ళు, ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది. తర్వాతే మంచి నీటి కడుగుడు, ఆరబెట్టడం, టానిక్ ఆమ్లం (కరక్కాయలో ఉండే వగరు లాంటిది) పూతలు, చివర మైక్రోక్రిస్టలైన్ మైనం. "ఐదేళ్ళా!" అని బెంబేలెత్తకండి. సోడా నీళ్ళలో ఉన్నంతకాలం ఫిరంగి క్షేమంగా ఉంటుంది. డబ్బు సమకూరేదాకా, నిపుణులు దొరికేదాకా అది ఆగగలదు. ఎండలో మాత్రం ఆగలేదు.

అపోహ: రెండొందల ఏళ్ళయింది, లోపల తుపాకిమందు ఉన్నా చచ్చిపోయి ఉంటుంది

ప్రాణాలకు ముప్పు తెచ్చేది ఇదే. తుపాకిమందు వయసుతో చావదు. తడిస్తే మందగిస్తుంది, ఆరితే మళ్ళీ అంటుకోగలదు. 2013లో న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు చెందిన 18వ శతాబ్దపు ఫిరంగిని శుభ్రం చేస్తుంటే లోపల గుండుతో పాటు దాదాపు 800 గ్రాముల మందు బయటపడింది.

పరీక్ష సులువు. బయట మూతి అంచు నుంచి వెనక వత్తి పెట్టే రంధ్రం దాకా టేపుతో కొలవండి. ఒక చెక్క కర్రను, ఇనుప కడ్డీ కాదు, పక్కకు నిలబడి మెల్లగా గొట్టంలోకి పంపండి. అది ఆగిన లోతు బయటి కొలతకు ఇంచుమించు సమానమైతే గొట్టం ఖాళీ. ఒక అడుగో అడుగున్నరో ముందే ఆగితే లోపల ఏదో ఉంది. మట్టి కావచ్చు, మందూ గుండూ కావచ్చు. పొడిచి చూడొద్దు. పోలీసులకు చెప్పండి, బాంబు స్క్వాడ్ వాళ్ళ పని అది. వెల్డింగు, గ్రైండింగు, రంధ్రంలో డ్రిల్లు అంతవరకు ముట్టుకోకూడదు.

పునాదులు తవ్వేటప్పుడు దొరికే ఇనుప గుండ్లకూ ఇదే మాట. బోలు గుండుకు వత్తి రంధ్రం ఉంటుంది, అది తుప్పుతో మూసుకుపోయి కనపడకపోవచ్చు. రంధ్రం కనపడలేదు కాబట్టి ఘనమైన గుండే అనుకోవద్దు, టీవీ పక్కన షోకేసులో పెట్టొద్దు.

అపోహ: కంచు ఫిరంగిని చింతపండుతో తోమితే మెరుస్తుంది

మెరుస్తుంది. చెంబులు తోమినట్టు తోమిన ఆ ఒక్కరోజు. చింతపండు పులుపు, దానికి తోడు వేసే ఉప్పు కలిసి రాగిని కొరుకుతాయి. ఉప్పులోని క్లోరైడ్ కంచులో చేరితే లేత ఆకుపచ్చ పొడి పుట్టి గుంటలు పడతాయి. గోల్కొండ పెట్ల బురుజు మీదున్న ఫతే రహబర్ లాంటి ఫిరంగుల పారసీ అక్షరాల్లో వెంట్రుకంత సన్నని గీతలుంటాయి. పది పండగలకు పదిసార్లు తోమితే అలాంటివి చదవడానికి మిగలవు. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడవండి, చాలు. ఆకుపచ్చ పొడి చూసి కంగారుపడి కాస్టిక్ తొట్టిలో దించకండి, అది పోత ఇనుముకు చెప్పిన వైద్యం.

ఫతే రహబర్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. గోల్కొండ బురుజుల మీద కనిపించేవన్నీ కుతుబ్‌షాహీ ఫిరంగులనుకుంటారు. దీని మీదున్నది ఔరంగజేబు పేరు. 1687లో కోటను ముట్టడించినవాడి ఫిరంగి అది.

అపోహ: ఫిరంగి మీద అంకెలు తయారైన తేదీ

17-2-14 అని కనపడగానే 1714 ఫిబ్రవరి 17 అని ఫలకం చెక్కించేస్తారు. ఇంగ్లీషు ఫిరంగి మీద అది బరువు. మొదటి అంకె హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కోటి 112 పౌండ్లు. రెండోది క్వార్టర్లు, ఒక్కోటి 28 పౌండ్లు. మూడోది విడి పౌండ్లు. అంటే 1,904కి 56, 14 కలిపితే 1,974 పౌండ్లు, సుమారు 895 కిలోలు. మధ్య అంకె ఎప్పుడూ 3 దాటదు, చివరిది 27 దాటదు. తేదీ కాదని తేల్చుకోవడానికి ఇదే గుర్తు. సంవత్సరం ఉంటే ఇరుసు చెవుల (ఫిరంగిని బండి మీద ఆనించే రెండు పక్క గుబ్బల) చివర వెతకండి, కొన్ని కార్ఖానాలు అక్కడ వేసేవి.

మిగిలినవి గబగబా. కంచు ఫిరంగిలో బంగారం కలిపారనేది అబద్ధం, అందులో ఉండేది సుమారు తొమ్మిది పాళ్ళు రాగి, ఒక పాలు తగరం. దాని కోసం ముక్క కోసిచూడకండి. తీరం కోట ఫిరంగి మైళ్ళ దూరాన ఓడను ముంచేదన్నదీ అతిశయమే. నున్నని గొట్టం 24 పౌండ్ల ఫిరంగికి గురి కుదిరే దూరం కిలోమీటరు లోపే. సముద్రం వైపు ఫిరంగులుంటే కోట భద్రమనీ కాదు: 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కల్నల్ ఫోర్డ్ సేన బందరు కోటను ఫ్రెంచివాళ్ళ నుంచి పట్టుకున్నది రాత్రిపూట, నేల వైపు నుంచి.

నేలలో దొరికినదాన్ని దాచుకోవచ్చా? 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. నూరేళ్ళు నిండిన ఫిరంగి 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించడం కుదరదు. చెబితే పోలీసులు పట్టుకుపోతారేమోనన్న భయంతో పొలంలోనే పాతిపెట్టేవాళ్ళున్నారు. చెప్పినవాళ్ళకు భయం లేదు, చిక్కంతా దాచినవాళ్ళకే.

ఇప్పటికే రంగు వేసేసినవాళ్ళు ఈ వారం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ముందు కర్ర పరీక్ష చేయండి. మూతిలో సిమెంటు పోసి ఉంటే కర్ర పోదు కాబట్టి ఖాళీ అనుకోకండి, సుత్తితో కొట్టకండి, పోలీసులకు చెప్పండి. గొట్టం ఖాళీ అని తేలితే, మూతి రెండు మూడు డిగ్రీలు కిందికి వాలేలా చెక్క దిమ్మెలు పెట్టండి, వాన నీరు నిలవదు. సిమెంటు దిమ్మెకు లోహం నేరుగా ఆనకూడదు. పైన రేకు నీడ వేయండి. పెయింటు ఒలవకండి, కొత్త కోటు వేయకండి. చీకటి పడ్డాక టార్చిని పక్కవాటుగా పట్టి, ముద్రలు, అంకెలు అన్నిటికీ ఫోటోలు తీయండి. ఊడిన పెచ్చులను పారేయకుండా, ఎక్కడ ఊడిందో చీటీ రాసి, విడివిడి కవర్లలో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పెట్టండి. వాటిని తిరిగి అతికించే వీలుంటుంది.