ఒకే స్వరం ఊదే మనిషి

పిల్లలూ,

ఆగ్నేయ యూరప్‌లోని మాసిడోనియా (ఇప్పుడు ఉత్తర మాసిడోనియా అంటున్నారు) పెళ్లి వీడియో చూసి మీలో ఒకరు అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. "తాతయ్యా, సన్నాయిల్లాంటివి ఇద్దరు ఊదుతున్నారు. ఒకాయన పాట వాయిస్తుంటే రెండో ఆయన మొదట్నుంచీ ఒకే స్వరం పట్టుకుని ఉన్నాడు. ఆయనకు పాట రాదా? పైగా ఊపిరే తీసుకోడేం?"

ఊపిరి సంగతి చివర్లో చెబుతాను. అది చెబితే వచ్చేది కాదు, చేస్తే వచ్చేది. ముందు రెండో ఆయన సంగతి చూద్దాం.

మన పెళ్లి మేళం తలుచుకోండి. సన్నాయి, డోలు, తాళం, వెనకాల శ్రుతి. ఇప్పుడు శ్రుతిపెట్టె వచ్చింది గానీ, పూర్వం ఒత్తు అనే వాయిద్యం పట్టుకుని ఒక మనిషి అచ్చంగా షడ్జం, అంటే 'స' ఒక్కటే ఊదేవాడు. సన్నాయి ఎంత పైకి వెళ్లి తిరిగినా దిగి రావడానికి ఆ స్వరమే నేల. మాసిడోనియాలో అమరిక కూడా ఇదే: సన్నాయిలాంటి జుర్లాలు రెండు, డోలులాంటి తపాన్‌లు ఒకటో రెండో. ఒక జుర్లా పాట పలికిస్తుంది, రెండోది నేల పరుస్తుంది. ఆ రెండో ఆయనకు పాట బాగానే వచ్చు. రాకపోతే మొదటాయన ఎప్పుడు ఎటు తిరుగుతాడో తెలియదు, శ్రుతి నిలవదు.

జుర్లా చెక్క గొట్టం. పెద్దరకం సుమారు 60 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. విచ్చుకున్న మూతి దగ్గర ఇంకొన్ని చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని వేళ్లతో ముయ్యరు. పైన లోహపు గొట్టానికి రెల్లుతో చేసిన పీక. పీక కింద గుండ్రటి బిళ్ల ఒకటి ఉంటుంది. పెదవులు ఆ బిళ్లకు ఆనించి, పీక మొత్తం నోట్లో పెట్టుకుంటారు. పెదవులు పీకను పట్టవు కాబట్టి మెల్లగా ఊదడం కుదరదు. ఊదితే గట్టిగానే పలుకుతుంది, ఊపిరి తగ్గితే స్వరం దిగజారుతుంది. అందుకే ఇది ఆరుబయట వాయిద్యం. రెండు జుర్లాలూ శ్రుతి కలవకపోతే పీకగొట్టాన్ని కాస్త పైకి లాగుతారు, స్వరం దిగుతుంది. లోపలికి నొక్కితే ఎక్కుతుంది.

పీక అంటే గుర్తొచ్చింది. మా కాలపు పిల్లలు సన్నాయి ఆయన ఎదురుగా నిలబడి చింతకాయ చప్పరించేవాళ్లు. ఆయనకు నోరూరి పీక మూసుకుపోతుందని. ఎండిన పీకా పలకదు, మరీ నానిన పీకా పలకదు. పీక మొత్తం నోట్లోనే ఉండే జుర్లాకైతే ఆ కొంటెపని ఇంకా బాగా పనిచేస్తుంది. మీరు మాత్రం చేయకండి. ఆ మనిషి పొద్దుటి నుంచీ ఊదుతూ ఉంటాడు.

తపాన్ కథా మన డోలు కథే. భుజానికి తగిలించుకుంటారు, రెండు వైపులా తోలు, మధ్య తాళ్లు. ఒక చేతిలో బరువైన కర్ర, దాన్ని కుకుడ అంటారు. రెండో చేతిలో సన్నటి పుల్ల. మన డోలుకు ఒకవైపు కర్ర, ఇంకోవైపు తొడుగులు వేసిన వేళ్లు. అక్కడ వేళ్ల పని పుల్ల చేస్తుంది. బరువు కర్ర పడేవైపు మందమైన తోలు, పుల్ల పడేవైపు పల్చటిది. చలికో వానకో తోలు వదులైతే నిప్పు దగ్గర కాచి బిగిస్తారు.

మాసిడోనియా పడమటి కొండల్లో గాలిచ్నిక్ అనే ఊరుంది, సుమారు 1400 మీటర్ల ఎత్తున. అక్కడి మగవాళ్లు ఏడాదంతా దూరదేశాల్లో పనులకు పోయి వేసవిలో ఇంటికి వచ్చేవాళ్లు. కనుక ఊళ్లో పెళ్లిళ్లన్నీ జూలై 12న, క్రైస్తవుల పీటర్ పండుగ రోజుల్లోనే జరిగేవి. ఇప్పటికీ ఏటా జూలైలో ఒక జంటకు ఆ పాత పద్ధతిలో పెళ్లి చేస్తారు. పెళ్లి సందడి మొదలయ్యేది మేళగాళ్లు ఊళ్లోకి రావడంతో, వాళ్లకు ఎదురేగి తీసుకురావడం ఒక వేడుక. అక్కడ మగవాళ్లు తెష్కోతో అనే నాట్యం చేస్తారు. మొదట అది ఎంత నెమ్మదంటే తాళం లెక్కకే అందదు, నాట్యం నడిపేవాడి పాదం ఎప్పుడు దిగుతుందా అని తపాన్ కాచుకుని ఉంటుంది. తర్వాత వేగం అందుకుంటుంది. ఒక ఘట్టంలో ఆ నడిపేవాడు తపాన్ మీదికే ఎక్కుతాడు! మన డోలు మీద ఎవరైనా కాలు పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. పోలిక అక్కడ కాస్త జారింది, అయినా వదలను.

జుర్లా, తపాన్ వాయించేవాళ్లలో చాలామంది రోమా అనే జాతి వాళ్లు. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి వెళ్లినవాళ్లు. అందుకని సన్నాయిని వాళ్లే మోసుకెళ్లారని తీర్మానించకండి. ఆ వాయిద్యం అక్కడ ఒట్టోమన్ టర్కుల కాలంలో పాతుకుంది. మేళం లేనిదే పెళ్లి జరగదు, మేళగాళ్లను మాత్రం దూరంగా కూర్చోబెడతారు. ఇది అక్కడా చాలాకాలం సాగింది, ఇక్కడా సాగింది. మీరు చేసే పెళ్లిళ్లలో వాళ్లకు ముందు వడ్డించండి.

ఇప్పుడు పక్క దేశాల్లో ఈ రెండో మనిషి ఏమయ్యాడో చూద్దాం. బల్గేరియాలో ఆయన పని మేకతోలు చేస్తుంది. గాయిదా అనే తిత్తి వాయిద్యంలో మూడు గొట్టాలు: ఊదేది ఒకటి, వేళ్లతో పాట పలికించేది ఒకటి, భుజం మీదుగా వేలాడే పొడుగు శ్రుతి గొట్టం ఒకటి. ఆ శ్రుతి, పాట షడ్జానికి రెండు స్థాయిలు కింద మోగుతుంది. దాని అతుకులు లాగి, నొక్కి శ్రుతి చేస్తారు. వాయించేటప్పుడు ఊపిరి ఊదుతున్నంతసేపు మోచేయి సడలించాలి, ఊపిరి పీల్చుకునేటప్పుడు తిత్తిని నొక్కాలి. కొత్తవాళ్లు ఊదుతూనే నొక్కుతారు. దాంతో ఒత్తిడి పెరిగి రెండు గొట్టాలూ చెరోవైపు జారతాయి, శ్రుతి ఊగిసలాడుతుంది. రొడోపి కొండల్లోని కబా గాయిదా మంద్రంగా మోగే పెద్దరకం. 1977లో వోయేజర్ నౌకల్లో అంతరిక్షానికి పంపిన బంగారు రికార్డులో బల్గేరియా గాయని వల్యా బల్కన్స్కా పాట ఉంది. ఆమె గొంతు వెనక మోగేవి రెండు కబా గాయిదాలు. అంటే మన శ్రుతి పట్టే మనిషి గ్రహాలన్నిటినీ దాటిపోయాడన్నమాట!

బల్గేరియా పల్లె మేళంలో గాయిదాతో పాటు కవల్ అనే పిల్లనగ్రోవి, తంబూరా (మన శ్రుతి తంబూరా కాదు, పాట మీటే తీగవాయిద్యం), తపాన్, గదుల్కా ఉంటాయి. గదుల్కాను నిలువుగా పట్టి కమానుతో వాయిస్తారు. కమాను తగిలేవి మూడు తీగలే. వాటి కింద పది దాకా సన్న తీగలు ఎవరూ ముట్టకుండానే వాటంతటవి మోగుతాయి. ఇక్కడ రెండో మనిషి వాయిద్యం కడుపులో దాక్కున్నాడు.

దక్షిణ అల్బేనియాలోనైతే వాయిద్యమే అక్కర్లేదు. పాట ఒకరిద్దరు పాడితే మిగతా గుంపంతా 'ఎ' అని ఒకే స్వరం పడుతుంది. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే స్వరం తెగిపోతుంది కనుక ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటారు. ఈ గానాన్ని యునెస్కో 2005లో మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. సెర్బియా బూరల మేళాల్లో మాత్రం శ్రుతి మనిషి మాయమయ్యాడు. అక్కడి ఇత్తడి బూరల మేళాలు సైనిక బ్యాండుల నుంచి పుట్టాయి. గూచా అనే ఊళ్లో 1961 నుంచి వాటికి పోటీలు జరుగుతున్నాయి. భలే హుషారు, కానీ నా చెవికి కింద నేల లేనట్టే ఉంటుంది.

తాళం మాట చెప్పకపోతే మీ మృదంగం మాస్టారు నన్ను క్షమించరు. మాసిడోనియాలో 'లెస్నోతో' అనే నాట్యానికి ఏడు మాత్రలు: తకిట తక ధిమి (తకిట మూడు, తక, ధిమి రెండేసి). మీకు తెలిసిన మిశ్రచాపే. బల్గేరియా నాట్యం రచెనిత్సా దాన్ని తిరగేస్తుంది: తక ధిమి తకిట. పైదుష్కో ఐదు: తక తకిట. కొపానిత్సా పదకొండు: తక ధిమి తకిట తక ధిమి. ఒకటి రెండు అంటూ పదకొండు దాకా లెక్కపెట్టకండి, ఆ వేగంలో నాలుక మడతపడుతుంది. రెండు మాత్రలది పొట్టి, మూడు మాత్రలది పొడుగు అనుకుని, పొట్టి, పొట్టి, పొడుగు, పొట్టి, పొట్టి అని ఐదు దెబ్బలే వేయండి. పొడుగుదాన్ని అంచనాతో సాగదీస్తే అడుగు తప్పుతుంది. అది సరిగ్గా పొట్టిదానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి.

ఇక ఊపిరి. రెండో ఆయన ఊపిరి తీసుకుంటాడు, మీకు కనబడకుండా, ముక్కుతో. ముందు పెరట్లో నిలబడి నోటినిండా నీళ్లు పట్టండి. బుగ్గలతో మాత్రమే నొక్కుతూ సన్నధారగా బయటికి వదులుతూ, అదే సమయంలో ముక్కుతో గాలి పీల్చండి. రెండూ ఒకేసారి చేయవచ్చని ఒంటికి తెలియాలి. అది కుదిరాక గ్లాసులో సగం నీళ్లు పోసి స్ట్రాతో బుడగలు ఊదండి. ఊపిరి అయిపోకముందే బుగ్గలు పొంగించి, ఆ గాలిని బుగ్గలతో తోస్తూ ముక్కుతో ఒక్కసారి చప్పున పీల్చండి. బుడగలు ఆగకూడదు. ఆగాయంటే బుగ్గలు నొక్కకముందే పీల్చారన్నమాట, లేదా ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా ఆగారన్నమాట. స్ట్రా మరీ లావుగా ఉంటే గాలి చప్పున పోతుంది, సన్నది తీసుకోండి. తల తిరిగితే ఆపి కూర్చోండి, రోజుకు ఐదు నిమిషాలు చాలు. బల్లంతా తడిసి అమ్మ కేకలేస్తే నా పేరు చెప్పండి.

మీ తాతయ్య