కాడి లేచే కారుకి ఏ టైరు వెయ్యాలి?

మా తాతయ్య ఎడ్లబండిలో వడ్ల బస్తాలు వేయించేటప్పుడు ఒక్కటే మాట అంటుండేవాడు, "ముందుకి జరపండ్రా, కాడి లేస్తుంది" అని. బస్తాలు వెనక్కి ఎక్కువైతే బండి వెనక్కి దిగుతుంది, కాడి ఎడ్ల మెడల మీంచి పైకి లేస్తుంది, మెడ కింద తాడు బిగుసుకుంటుంది, ఇక ఎడ్లు ఎంత బలమైనవైనా అడుగు పడదు. ముప్పై ఏళ్ళ తర్వాత టెక్సస్‌లో ఒక డ్రాగ్ స్ట్రిప్ పక్కన నించుని, మా ఫ్రెండు హోండా సివిక్ ముందు చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతూ పొగ లేపుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ కాడే.

డ్రాగ్ రేస్ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చలైటు పడగానే సూటిగా పావు మైలు, అంటే 1320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వాళ్ళు గెలిచినట్టు. ఈ ఆట పెరిగింది అమెరికాలో, వెనక చక్రాలు తోసే పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కార్లతో. ముందు చక్రాలు లాగే చిన్న హోండాలు ఇందులోకి గట్టిగా దిగింది 1990ల్లో, దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళ పుణ్యమా అని. మొదట్లో వీ8 వాళ్ళు వీటిని చూసి నవ్వేవాళ్ళు, ఇప్పుడు నవ్వట్లేదు. మన దగ్గర స్విఫ్ట్, బాలెనో, ఐ20, పోలో అన్నీ ముందు చక్రాలతో లాగే బళ్ళే కాబట్టి కింద చెప్పేది మీ ఇంటి ముందున్న కారుకి కూడా వర్తిస్తుంది.

కారు ముందుకి దూకేటప్పుడు బరువు వెనక్కి పోతుంది అంటారు. నిజానికి బరువు ఎక్కడికీ పోదు, ఏ చక్రం మీద ఎంత పడుతుందనేదే మారుతుంది. టైరు లాగేది నేల దగ్గర, కారు గరిమనాభి ఉండేది సుమారు అర మీటరు పైన, ఆ ఎత్తు తేడా వల్ల కారు వెనక్కి వాలాలని చూస్తుంది. మా వాడిది 1993 సివిక్ హ్యాచ్‌బ్యాక్, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.57 మీటర్లు. మనిషితో కలిపి 1000 కిలోలు, అందులో 620 ముందు చక్రాల మీద అనుకుందాం. మామూలు టైరుకి ఘర్షణ గుణకం (మీదున్న బరువుకి ఎన్ని రెట్లు లాగగలదో చెప్పే అంకె) 1 పెట్టి లెక్క కడితే కారు 0.52 g (g అంటే పైనుంచి పడే వస్తువు త్వరణం) త్వరణంతో కదులుతుంది, ముందున్న 620లో ఓ 100 కిలోలు వెనక్కి జారి 520 మిగుల్తాయి. సరే, ఇప్పుడు బంకలా అంటుకునే టైరు తెచ్చి గుణకం 2 చేశాం, పట్టు రెట్టింపు, మరి త్వరణం కూడా రెట్టింపవ్వాలి కదా. అవ్వదు. 0.89 g దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ముందు భారం ఈసారి 446కి పడిపోయింది. అదే సైజు కారు వెనక చక్రాలతో నడుస్తూ, వెనక 45 శాతం బరువే ఉన్నా సరే, అదే టైరు మార్పుతో 0.56 నుంచి 1.47 g కి ఎగిరిపోతుంది. వాళ్ళకి వెనక్కి జారిన ప్రతి కిలో లాభం, మనకి ప్రతి కిలో నష్టం. ముందు చక్రాల కారులో టైరు ఎంత బాగా పట్టుకుంటే అంతగా తన మీదున్న బరువుని తనే పోగొట్టుకుంటుంది, కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టు.

అలాగని మంచి టైరు దండగ అనుకోకండి. డ్రాగ్ రేస్‌లో మొదటి 60 అడుగులకి పట్టే టైము విడిగా కొలుస్తారు, అందరూ ముందు చూసుకునేది అదే. గడియారం మొదలయ్యేది కారు ఓ అడుగు కదిలాకే, ఆ మొదటి అడుగు టైము తీసేసి పై లెక్క కడితే గుణకం 1 అయితే ఆ 60 అడుగులకి 2.36 సెకన్లు, 1.5 అయితే 2 సెకన్లు, 2 అయితే 1.8. మా వాడికి మామూలు టైర్లతో 2.4 చుట్టూ వచ్చేది, అంటే కాగితం మీద లెక్క మరీ అబద్ధం చెప్పట్లేదు.

గుణకం 1 దాటడం ఏంటి, స్కూల్లో అలా చెప్పలేదే అని కొందరికి డౌటు వచ్చి ఉంటుంది. ఒకటి దాటకూడదని రూలేం లేదు. ఘర్షణ అనేది తాకే వైశాల్యం మీద ఆధారపడదు అని కూడా చదువుకున్నాం, చెక్కకీ ఇనుముకీ అది దాదాపు నిజమే, రబ్బరు మాత్రం ఆ మాట వినదు. రబ్బరు రెండు పనులు చేస్తుంది. ఒకటి, నేలకి నిజంగానే అణువుల స్థాయిలో అంటుకుంటుంది. రెండోది, రోడ్డు మీది గరుకులోకి దిగి, వంగి, మళ్ళీ లేచేటప్పుడు పెట్టిన శక్తి అంతా తిరిగివ్వదు, కొంత వేడిగా మింగేస్తుంది, ఆ మింగుడే మనకి పట్టుగా పనికొస్తుంది. రబ్బరు మెత్తగా, వెచ్చగా, ఎక్కువ మేర నేలని తాకుతూ ఉంటే రెండూ పెరుగుతాయి. పైగా చదరపు సెంటీమీటరుకి ఒత్తిడి పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది, అందుకే అదే బరువుని ఎక్కువ చోట పరిస్తే లాభం.

గాలి తగ్గించడం వెనకున్న రహస్యం ఇదే. ఒక టైరు మీద 250 కిలోలు పడుతుంటే, లోపల 32 పీఎస్‌ఐ గాలి ఉంటే, నేలని తాకే మేర ఉజ్జాయింపుగా 110 చదరపు సెంటీమీటర్లు, మన పోస్టుకార్డు కన్నా కాస్త తక్కువ. గాలి 14 పీఎస్‌ఐకి దించితే 250, అంటే రెండు పోస్టుకార్డులు. కారు మొత్తం ఎగురుడూ దూకుడూ నాలుగు పోస్టుకార్డుల మీద. కానీ ఇంటి టైరులో గాలి 14కి దించి చూద్దాం అనుకోకండి, దాని అంచులు గట్టిగా ఉంటాయి, నడుమ భాగం పైకి లేచి అంచులే నేలని తాకుతాయి, వేడెక్కి చెడుతుంది కూడా.

ఇక అసలు ఎంపిక. మూడు రకాలున్నాయి కానీ నిజంగా తేల్చుకోవాల్సింది రెండిటి మధ్య. మామూలు స్పోర్ట్స్ టైర్ల సంగతి వదిలేద్దాం, 90 హార్స్‌పవర్ స్విఫ్ట్‌కి అవే ఎక్కువ, దానికి స్లిక్, అంటే గాడుల్లేని రేసు టైరు, వెయ్యడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, పట్టు ఎక్కువై చక్రం అస్సలు జారకపోతే ఇంజిన్ ఆర్‌పీఎం ధబేల్మని పడిపోయి కారు గొంతు నొక్కినట్టు మూలుగుతుంది. బలం ఉన్న కారుకి ఒకటి డ్రాగ్ రేడియల్, నాలుగు గాడులు పెట్టి రోడ్డు మీద తిరగడానికి పర్మిషన్ ఉన్న మెత్తటి టైరు. కొన్నిటి మీద ట్రెడ్‌వేర్ 00 అని రాసి ఉంటుంది, మామూలు టైరు మీద ఆ నంబరు 300, 400 ఉంటుంది, దాన్నిబట్టి ఎన్నాళ్ళు వస్తుందో మీరే ఊహించుకోండి. వాన పడితే దీన్ని నమ్మకండి. రెండోది అసలు స్లిక్, గాడులు అసలుండవు, రోడ్డు మీదకి తేకూడదు, చాలావరకు లోపలి దారాలు అడ్డంగా ఒకదాని మీద ఒకటి వేసిన బయాస్ ప్లై రకం.

బయాస్ స్లిక్ గోడ మెత్తగా ఉంటుంది. క్లచ్ వదలగానే రిమ్ తిరుగుతుంది, నేలనంటిన భాగం ఇంకా అక్కడే ఉంటుంది, మధ్యలో గోడ తడిగుడ్డ పిండినట్టు ముడతలు పడుతుంది. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూడండి, కళ్ళు తిప్పుకోలేరు. ఆ ముడత వల్ల దెబ్బ ఒక్కసారిగా తగలదు, స్ప్రింగులా మింగి మెల్లగా వదుల్తుంది, ఒకవేళ జారినా మళ్ళీ పట్టు దొరుకుతుంది. రేడియల్ అలా కాదు, పట్టుకుంటే పట్టుకుంటుంది, ఒకసారి జారిందంటే యాక్సిలరేటర్ వదిలేదాకా తిరుగుతూనే ఉంటుంది. అయితే వెనక చక్రాల కారులో స్లిక్ పని తొయ్యడం ఒక్కటే, దారి చూపేది ముందున్న సన్న టైర్లు. మన కారులో లాగేదీ అదే, స్టీరింగ్ తిరిగేదీ అదే, చివర్లో బ్రేకు ఎక్కువ భారం మోసేదీ అదే. కాబట్టి లాంచ్ బాగుంది కదా అని గాలి మరీ తగ్గిస్తే 160 కిలోమీటర్ల స్పీడులో స్టీరింగ్ పెరుగులో గరిటె తిప్పినట్టుంటుంది. టైరు కంపెనీ చెప్పిన కనీసం కన్నా కిందకి దిగకుండా, గాలి అర పీఎస్‌ఐ చొప్పున మార్చుకుంటూ 60 అడుగుల టైము చూసుకోవడమే. నా ఓటు ఏంటంటే, అదే కారులో స్ట్రిప్‌కి వచ్చి అదే కారులో ఇంటికెళ్ళేవాడు రేడియల్ తీసుకోవాలి, అక్కడ జాకీ పెట్టి టైర్లు మార్చే ఓపికున్నవాడు స్లిక్.

సైజు దగ్గర జనం వెడల్పే చూస్తారు, ఎత్తు పట్టించుకోరు. స్లిక్ మీద 24.5/8.0-13 అని ఉంటే 24.5 అంగుళాల ఎత్తు, 8 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల రిమ్. ఎత్తు పెరిగితే నేలని తాకే మేర పొడుగవుతుంది, జారేది కూడా తగ్గుతుంది, కానీ గేరు బరువైనట్టే లెక్క, 22 నుంచి 24.5కి వెళ్తే చక్రం దగ్గర లాగే బలం పదిశాతం పైనే తగ్గుతుంది. 13 రిమ్ ఎందుకంటే గోడ ఎత్తుగా ఉంటుంది, తేలిక, పాత సివిక్ మామూలు మోడళ్ళకి కంపెనీ నుంచే 13 వచ్చేది. బ్రేకులు పెద్దవి వేయించుకున్నవాళ్ళకి అది పట్టదు, 15కి వెళ్ళాల్సిందే. ఇంకో సరదా విషయం, స్టార్టింగ్ దగ్గర టైము మొదలయ్యేది ముందు టైరు లైటు కిరణాన్ని దాటి వెళ్ళాక, టైరు ఎత్తుగా ఉంటే ఆ కిరణాన్ని ఇంకాస్త ఎక్కువ దూరం కప్పి ఉంచుతుంది, అంటే కారు కదిలాక కూడా గడియారం కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. వెనక చక్రాల వాళ్ళు స్లిక్ మారిస్తే ఈ లాభం రాదు, వాళ్ళ ముందు టైరు వేరు కదా.

వెనక టైర్ల గురించి ఎవరూ అడగరు, అడగాలి. అవి సన్నగా, తేలిగ్గా, గాలి గట్టిగా ఉండాలి, ఊరికే దొర్లడమే వాటి పని. అలాగని స్టెప్నీ కోసం ఇచ్చే సన్న టైర్లు వేసుకొచ్చే మహానుభావులున్నారు, దాని మీద 80 కిలోమీటర్లు దాటకూడదని రాసే ఉంటుంది, వీళ్ళు దానికి రెట్టింపులో వెళ్తారు, ఆపైన బ్రేకేస్తే వెనక తేలికైపోయి పక్కకి తిరుగుతుంది. కారు వెనక భాగం కిందకి దిగకుండా అక్కడ గట్టి స్ప్రింగులు వేస్తారు. పెద్ద బలం ఉన్న హోండాలకి వెనక పొడుగాటి కడ్డీలు, చివర చిన్న చక్రాలు ఉంటాయి, వీలీ బార్ అంటారు, ముందు లేచే కారుకి కదా అది కావాలి, దీనికెందుకు అని నేను కూడా నవ్వాను. తర్వాత అర్థమైంది, కారు వెనక్కి వాలగానే బరువు ఆ చిన్న చక్రాల మీద పడుతుంది, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం పెరిగినట్టే, పై లెక్కలో 2.57 పెద్దదైతే వెనక్కి జారే కిలోలు తగ్గుతాయి. తాతయ్య బస్తాలు ముందుకి జరిపించేవాడు, వీళ్ళు ఇరుసునే వెనక్కి జరిపారు.

స్లిక్ వేసిన మొదటి రాత్రే మా వాడి డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ) విరిగింది. టైరు పట్టుకుంటుంది, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ళలో ఉండే రబ్బరు ముక్కలు), ఇంజిన్ మౌంట్లు మెలిపడతాయి, టైరు జారుతుంది, అవి వెనక్కి కొడతాయి, మళ్ళీ పట్టుకుంటుంది, సెకనుకి చాలాసార్లు ఇలా దడదడదడ, దీన్నే వీల్ హాప్ అంటారు. పాత బుష్‌లు మార్చకుండా కొత్త టైరు వేస్తే విరిగేది టైరు కాదు. ఆ రాత్రి టో ట్రక్ కోసం కూర్చుని పులిహోర తిన్నాం, అదొక్కటే మిగిలింది.

బర్నౌట్‌లో, అంటే రేసుకి ముందు టైర్లని ఉన్నచోటే తిప్పి వేడెక్కించడంలో, మాత్రం మనదే సుఖం. వెనక చక్రాల వాళ్ళు ముందు బ్రేకులు పట్టి ఉంచడానికి లైన్ లాక్ అని వేరే పరికరం పెట్టుకోవాలి, మనం హ్యాండ్‌బ్రేక్ లాగితే చాలు. స్లిక్ తుడుచుకుని వేడెక్కుతుంది, రేడియల్‌కి అంతసేపు అక్కర్లేదు. బర్నౌట్ కోసం తడిపి ఉంచే నీళ్ళ గుంట దాటేటప్పుడు వెనక టైర్ల గాడుల్లో నీళ్ళు స్టార్టింగ్ గీత దాకా వస్తాయి, వెనకొచ్చేవాడు తిట్టుకుంటాడు. గీత దగ్గర నేల మీద రబ్బరూ జిగురూ కలిసి ఎంత బంకగా ఉంటుందంటే నా చెప్పు ఒకసారి అక్కడే ఉండిపోయింది, కాలు మాత్రం వచ్చింది.

మొన్న శనివారం మళ్ళీ వెళ్ళాం. బుష్‌లు కొత్తవి, రెండు స్లిక్‌లలో ఒకే గాలి పెట్టి టేపుతో చుట్టుకొలత కొలిచాం, పావు అంగుళం తేడా ఉంటే పెద్దదానిలో కాస్త గాలి తీసి సరిచేశాం, లేకపోతే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ దాదాపు కలిపి తిప్పే పరికరం) ఉన్న కారు ఒక పక్కకి లాగుతుంది. టైరు మీంచి రిమ్ మీదకి తెల్ల పెయింట్‌తో మా వాడు ఒక గీత గీశాడు. 14 పీఎస్‌ఐతో 60 అడుగులు 1.91. వెనక్కి వచ్చాక టార్చి వేసి చూస్తే టైరు మీది గీతా రిమ్ మీది గీతా రెండంగుళాలు ఎడంగా ఉన్నాయి, టైరు నేలని వదల్లేదు, రిమ్మే టైరుని వదిలేసింది. "రిమ్‌కి స్క్రూలు కొట్టాలి మావా" అంటూ వాడు టూల్‌బాక్స్‌లో డ్రిల్ కోసం వెతకడం మొదలుపెట్టాడు.