మంచి రోడ్డును చీల్చేస్తున్నారెందుకు?

చిన్నారులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో మీరడిగిన ప్రశ్న నన్ను రెండు రోజులుగా వదల్లేదు. వెస్ట్ వర్జీనియాలో మీ స్కూల్ బస్సు వెళ్లే దారి పక్కన, కొండ మీద, పాత బొగ్గు గని రోడ్డును బుల్డోజరు చీల్చేస్తోందన్నారు. "ఒక్క గుంట కూడా లేదు కదా తాతయ్యా, ఎందుకు పాడుచేస్తున్నారు?" అన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ రోడ్లు వేయించినవాణ్ణి, నాకూ మనసు చివుక్కుమంది. తర్వాత అక్కడి నిబంధనలు చదివితే అర్థమైంది. పెళ్లయిపోయింది, పందిరి విప్పుతున్నారు.

పందిరి ఎంత అందంగా వేసినా పెళ్లి తర్వాత ఉంచుకోం కదా! గని రోడ్డూ అంతే. బొగ్గు ఉన్నన్నాళ్లు బరువు లారీలు తిరగడానికి వేసుకున్నది. బొగ్గు అయిపోయాక మనుషులు దాన్ని మరిచిపోతారు గానీ వాన మరిచిపోదు. పక్క కాలువ పూడుకుంటుంది, తూము మూసుకుపోతుంది, నీళ్లు రోడ్డెక్కి కట్టను కోసుకుంటూ ఆ బురదంతా కింది వాగులో పోస్తాయి. ఆ నేలను తర్వాత దేనికి వాడతారో ముందే ఒప్పుకుని, దానికి రోడ్డు కావాలని అనుమతి తీసుకుంటే సరే, ఉంచుకోవచ్చు. లేదంటే తీసేయాల్సిందే.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడి ఆవరణలో ఎవరిదో పెళ్లి జరిగింది. వాళ్లు గుంజలు పీక్కెళ్లారు గానీ గుంతలు పూడ్చలేదు. మర్నాడు కబడ్డీ కూతకు వెళ్లి ఒక గుంతలో కాలు పెట్టాను. మడమ బెణికి వారం రోజులు కుంటాను. డ్రిల్లు మాస్టారు మిగతా పిల్లల్ని పిలిచి గుంతలన్నీ పూడ్పించారు. వాళ్లు పక్కనున్న మట్టిని చేతికి ఎలా వస్తే అలా తోసేశారు. అడుగునుంచి వచ్చిన పచ్చటి గరప మట్టి పైకొచ్చింది, మొక్కలకు సారమిచ్చే నల్లమట్టి అడుక్కి పోయింది. రెండు వానాకాలాలు గడిచి గ్రౌండంతా గరిక పరుచుకున్నా, ఆ గుండ్రాలు మాత్రం బోడిగానే ఉన్నాయి. పందిరికి ఎన్ని గుంజలు వేశారో లెక్కపెట్టేవాళ్లం.

మీ కొండ మీద సంగతీ ఇదే. బొగ్గు తవ్విన నేలను మళ్లీ బాగుచేయాలని అమెరికాలో 1977 ఆగస్టు 3న అప్పటి అధ్యక్షుడు కార్టర్ గారు సంతకం పెట్టిన చట్టం ఒకటుంది. అంతకు ముందు చాలామంది గనులవాళ్లు గుంతలు వదిలేసి పోయినవాళ్లే. 1972లో మీ రాష్ట్రంలోనే, బఫెలో క్రీక్ లోయలో, గని వ్యర్థాలతో కట్టిన కట్ట తెగి 125 మంది పోయారు. అలాంటివి చూశాకే ఈ చట్టం వచ్చింది. దాని ప్రకారం తవ్వే ముందే పైమట్టిని విడిగా తీసి, వానకు కొట్టుకుపోకుండా దాచాలి. చివర్లో మళ్లీ అదే పైన పరవాలి. రోడ్డు విషయంలోనూ అంతే. ముందు దారి మూసేస్తారు, వంతెనలూ తూములూ తీసేస్తారు, టైర్ల కింద రాయిలా బిగిసిన నేలను ఇనుప పళ్లతో చీలుస్తారు. మీరు చూసింది ఈ పనే. తర్వాత వాలును కొండలో కలిపి, పైమట్టి పరిచి, విత్తనాలు చల్లుతారు.

వాడుకలో ఉన్నప్పుడూ రోడ్డును ఇష్టమొచ్చినట్టు వేయకూడదు. ముఖ్యమైన రోడ్డయితే పదేళ్లకోసారి వచ్చేంత పెద్ద 6 గంటల వానను దాని కాలువలు తట్టుకోవాలి. తట్టుకుంటాయని ఇంజనీరు సంతకం చేయాలి. అలాంటి సంతకాలు నేనూ చాలా పెట్టాను. ఇప్పటికీ అర్ధరాత్రి ఉరిమితే టెన్షనే!

నా మడమ పుణ్యమా అని మా హెడ్మాస్టరు ఆ తర్వాత పెళ్లివాళ్ల దగ్గర ముందే డిపాజిట్ తీసుకునేవారు. గని కంపెనీ కూడా తవ్వకముందే అలా బాండ్ కట్టాలి. మాట తప్పితే ప్రభుత్వం ఆ డబ్బుతోనే నేలను బాగుచేయిస్తుంది. నా పందిరి పోలిక ఇక్కడ కాస్త కుంటుతుంది. గుంత పూడ్చగానే మా హెడ్మాస్టరు మొత్తం తిరిగిచ్చేసేవారు. అక్కడ కొంత కొంతగా ఇస్తారు. విత్తనాలు చల్లడం, ఎరువు వేయడం వంటి పనులు ముగిశాక, వాన బాగా పడే మీ వైపు 5 ఏళ్లు, ఏడాదికి 26 అంగుళాలకు మించి పడని చోట 10 ఏళ్లు పచ్చదనం నిలబడితేనే చివరి వాయిదా. ఇది రాసినవాళ్లు చిన్నప్పుడు బడి గ్రౌండులో కాలు బెణికించుకున్నవాళ్లే అయ్యుంటారు.

చాలాకాలం గని నేలను బాగుచేసేవాళ్లూ ఒక పొరపాటు చేశారు. మట్టి జారకూడదని గట్టిగా తొక్కించేవారు. గడ్డి వచ్చేది గానీ చెట్లు గిడసబారిపోయేవి. ఇప్పుడు అడవి పెంచాలనుకున్న చోట కనీసం 4 అడుగుల మట్టిని వదులుగా ఉంచమంటున్నారు. వదులు నేల దొరికితే వెంట్రుకంత ఓక్ వేరు రాళ్ల సందుల్లోంచి ఎలా దూరిపోతుందో ఉత్తరంలో రాయడం నా వల్ల కాదు.

ఆ కొండ లోపలికి మాత్రం వెళ్లకండి, యంత్రాలు తిరుగుతుంటాయి. పెద్ద వాన వెలిసిన మర్నాడు అమ్మను వెంటబెట్టుకుని కింద కల్వర్టు దగ్గరికి వెళ్లండి. వాగు నీళ్లు ఒక గాజు సీసాలో అమ్మచేత పట్టించి, కిటికీలో పెట్టి, తెల్లారేదాకా కదపకండి. అడుగున ఎంత మట్టి పేరుకుందో స్కేలుతో కొలిచి, తారీఖు వేసి నాకు రాయండి. వచ్చే ఏడాది అదే సీసాతో మళ్లీ కొలుద్దాం.

మీ తాతయ్య