ఫ్రయ్యర్‌లో నీటి లెక్క

కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ డీప్ ఫ్రయ్యర్‌లో వడలు వేస్తే, బాణలిలో ఎన్నడూ లేని విధంగా నూనె అంచుదాకా పొంగుతోందనీ, యంత్రంలో లోపమేమైనా ఉందేమోననీ తిరుపతి పాఠకురాలు ఒకరు అడిగారు. లోపం ఉండనక్కరలేదు. ఆ పొంగు నూనెది కాదు, పిండిలోని నీటిది. ఇంట్లో ఫ్రయ్యర్ వాడేటప్పుడు జరిగే ప్రమాదాలలో చాలావాటిని నీరు ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఎటు పోతోంది అన్న ప్రశ్నలతోనే అర్థం చేసుకోవచ్చు.

ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే 5 మిల్లీలీటర్లు పట్టే చెంచాడు నీటి నుంచి ఎనిమిది లీటర్లకు పైగా ఆవిరి పుడుతుంది. రుబ్బిన మినప్పిండిలో దాదాపు సగం నీరే కనుక, 180 డిగ్రీల నూనెలో పడిన ప్రతి వడ చుట్టూ బుడగలు లేస్తాయి. బాణలికి పైభాగం వెడల్పుగా ఉంటుంది కాబట్టి బుడగలు పరుచుకుని పగిలిపోతాయి. నిలువు గోడలున్న ఇరుకైన ఫ్రయ్యర్ తొట్టిలో వాటికి పైకి లేవడం తప్ప దారి లేదు. పైగా బుట్ట నిండా నింపి ఒక్కసారిగా ముంచితే ఆవిరంతా ఒకే క్షణాన బయలుదేరుతుంది. తొట్టి లోపల గరిష్ఠ గీతకు పైన వదిలిన ఖాళీ ఈ బుడగల కోసమే. ఆ గీత దాటి నూనె పోయకూడదు. బుట్టను సగానికి మించి నింపకుండా మెల్లగా దించాలి. కనిష్ఠ గీతకు దిగువన నూనె ఉన్నా ప్రమాదమే, ఎందుకంటే వేడిచేసే తీగచుట్ట నూనె బయట తేలితే విపరీతంగా వేడెక్కుతుంది.

బడిలో గుప్తోష్ణం, అంటే మరుగుతున్న నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి, గ్రాముకు 540 కెలోరీలు అని వల్లె వేయించే బదులు ఈ లెక్క చేయిస్తే పిల్లలు జీవితాంతం మరచిపోరు. మూడు లీటర్ల నూనె బరువు సుమారు 2,750 గ్రాములు. ఒక్కో గ్రాము ఒక డిగ్రీ చల్లబడితే దాదాపు అర కెలోరీ ఇస్తుంది. 180 నుంచి 160 డిగ్రీలకు దిగేటప్పుడు నూనె ఇచ్చేది 27,500 కెలోరీలు. గది వేడిమిలోని నీటిని మరిగించి ఆవిరి చేయడానికి గ్రాముకు 610 కెలోరీల పైచిలుకు కావాలి కనుక, ఆ వేడితో 45 గ్రాముల నీరు మాత్రమే ఆవిరవుతుంది. 2000 వాట్ల హీటరు సెకనుకు ఒక గ్రాము నీటిని కూడా ఆవిరి చేయలేదు. కాబట్టి ఒకేసారి ఎక్కువ వేస్తే మొదట నూనె పొంగుతుంది, తరువాత చల్లబడి వడలు నూనె పీలుస్తాయి.

అన్నిటికన్నా అపాయకరమైనది అడుగున చేరే నీరు. నీటి సాంద్రత 1 అయితే నూనెది 0.92 వరకే కాబట్టి, కడిగిన తొట్టిలో మిగిలిన తడి, గడ్డకట్టిన బంగాళాదుంప ముక్కల నుంచి రాలిన మంచు కరిగిన నీరు, అన్నీ అడుగుకే చేరతాయి. చాలా ఫ్రయ్యర్లలో తీగచుట్ట అడుగు కన్నా కొంచెం ఎత్తున ఉంటుంది. దాని కింద నూనె తక్కువ వేడిగా ఉండి, రాలిన పిండి మాడకుండా కాపాడుతుంది. ఆ చల్లని చోటే నీటికి దాపు కూడా. పైన నూనె కాగిపోయినా కింద నీరు నిశ్శబ్దంగా ఉంటుంది. చుట్టూ నూనె తప్ప మరేదీ తగలని నీటిబొట్టు, బుడగ మొదలు కావడానికి ఆధారం దొరకక, 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలదు. ఏదో ఒక కదలికతో మరగడం మొదలైతే మొత్తం ఒక్కసారిగా ఆవిరై పైనున్న నూనెను ఎగజిమ్ముతుంది. అందువల్ల కడిగిన తొట్టిని, బుట్టను పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే నూనె పోయాలి. నూనె పొంగకుండా చింతపండు వేసే అలవాటున్నవారు తడి చింతపండును మాత్రం దరిచేరనివ్వకూడదు.

పిండి లోపల చిక్కిన నీరు మరో రకం. నగరి, పుత్తూరు వైపు ఇళ్ళలో కృష్ణాష్టమికి బియ్యప్పిండితో చేసే చిన్న ఉండలు, సీడైలు, నూనెలో పేలడం చాలామందికి అనుభవమే. పైపొర ముందుగా గట్టిపడి, ఆవిరికి దారి మూసుకుపోతే ఆ ఉండ విజిల్ లేని ప్రెషర్ కుక్కర్ అవుతుంది. లోపల 120 డిగ్రీలకు చేరితే ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు రెండింతలు. దీన్ని దిష్టి అనుకుని మిరపకాయలు తిప్పే బదులు, ఉండలను గట్టిగా నొక్కి చుట్టకుండా, ఉపరితలంపై సూదితో చిన్న రంధ్రాలు చేస్తే ఆవిరికి దారి దొరుకుతుంది. వడ మధ్యలోని చిల్లు కూడా మందాన్ని తగ్గించి ఆవిరి బయటపడే దూరాన్ని తగ్గిస్తుంది.

2000 వాట్ల ఫ్రయ్యర్ 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది కనుక 16 ఆంపియర్ల సాకెట్‌కే తగిలించాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాదు. తీగ బల్ల అంచున వేలాడకూడదు. తాజా శుద్ధి వేరుశనగ నూనె పొగచిమ్మేది సుమారు 230 డిగ్రీల వద్ద. 190 దగ్గర ఆగవలసిన ఫ్రయ్యర్‌లో అలాంటి నూనె పొగలు కక్కుతుంటే వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ చెడిందని భావించి ప్లగ్ తీసేయాలి. మంట లేస్తే, చేయి కాలకుండా అందితే గోడ దగ్గర స్విచ్ ఆపి, మూత పెట్టి దూరంగా జరగాలి. నీరు పోస్తే అది కిందికి దిగి, ఆవిరై, నూనెను సన్నని తుంపరగా చిమ్ముతుంది. ఆ తుంపరంతా ఒకేసారి అంటుకుంటుంది. ఒంటి మీద నూనె పడితే పసుపు, టూత్‌పేస్టు పూయకుండా 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచి వైద్యుని చూడాలి.

ఇక ఆ పాఠకురాలు చూసుకోవలసిన మరొక సంగతి నూనె వయస్సు. పలుమార్లు కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలు, అంటే నూనె చెడేకొద్దీ పుట్టే పదార్థాలు, పెరుగుతాయి. అవి బుడగ పొరను బలపరచి త్వరగా పగలనివ్వవు. వాటికి 25 శాతం హద్దును భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుంచి అమలు చేసింది. ఇంట్లో కొలిచే సాధనం లేకపోయినా, వడలు తీశాక కూడా సన్నని నురగ అణగకపోతే ఆ నూనెను పూర్తిగా చల్లారాక తీసేసి, తొట్టిని ఆరబెట్టి, కొత్త నూనెతో మూడు వడలు మాత్రమే వేసి చూడండి.